షుగరోళ్ళ వ్యాయామ మండలి

మా కాలనీలో షుగరు రావడం నౌకరీలో ప్రమోషన్ రావడం లాంటిది. నలభై దాటాక కాస్త ముందో వెనకో అందరికీ వస్తుంది. వచ్చినవాళ్ళు రానివాళ్ళను చిన్నపిల్లల్ని చూసినట్టు చూస్తారు. నాకు వచ్చిందని రిపోర్టు తెచ్చిన రోజు మా ఆయన ముఖంలో, పెళ్ళైన కొత్తలో కూడా నేను చూడని ఆత్మీయత కనిపించింది. ఆయనకు అప్పటికే చాలా ఏళ్ళ సీనియారిటీ ఉంది. గోళీ భోజనానికి ముందు వేసుకోవాలా తర్వాతా, పెళ్ళిలో మిఠాయి తిన్న రోజు ఏం చేయాలి, పరీక్షకు రక్తం ఇచ్చే ముందు రెండు రోజులు కడుపు మాడ్చుకుంటే నంబరు ఎంత అందంగా వస్తుంది, అన్నీ ఓపిగ్గా చెప్పాడు. రైల్లో గార్డుగా పనిచేసే మనిషి. ఎర్రజెండా, పచ్చజెండా తప్ప మూడో సంగతి ఇంత వివరంగా నాకెప్పుడూ చెప్పి ఎరగడు.

నేను నాందేడ్‌లోనే ఒక ఆఫీసులో క్లర్కుని. పుట్టింది నిజామాబాద్ వైపు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ, కూరగాయల బండి దగ్గర హిందీ మాట్లాడుతూ పాతికేళ్ళు దాటించాను. ఇప్పుడు మూడు భాషల్లోనూ చక్కెర లేని ఛాయ్ అడగడం నేర్చుకోవాల్సి వచ్చింది. వీధిలో ప్రతి ఇంటికీ ఒక వైద్యం ఉండేది. ఒకామె మెంతులు నానబెట్టమంది. ఒకామె కాకరకాయ రసం తాగమంది. అది తాగినప్పటి నా ముఖం చూసి మా ఆయనకు రెండు రోజులు కులాసాగా గడిచింది. ఇంకొకరు ఏదో అడవి చెట్టు చెక్కతో చేసిన గ్లాసు ఇచ్చారు. రాత్రి అందులో నీళ్ళు పోసి పొద్దున్నే తాగాలట. నీళ్ళు ఎర్రగా అయ్యేవి. షుగరు మాత్రం ఉన్నచోటే ఉంది.

డాక్టర్ ఈ వైద్యాల జాబితా సగం విని చేయెత్తి ఆపాడు. గోళీలు రాశాడు. నడవమన్నాడు. నడక ఒక్కటే చాలదన్నాడు. ఒంట్లో చక్కెరను ఖర్చు పెట్టేవి కండరాలేనని, కుర్చీలో కూర్చుని కూర్చుని మీ కండరాలు నిద్రపోయాయని, వాటిని లేపాలని అన్నాడు. అందుకు జిమ్ములూ ఇనుప గుండ్లూ అక్కర్లేదట, మన ఒంటి బరువే చాలట. ఆ బరువు విషయంలో నాకు ఏ లోటూ లేదు కాబట్టి వెంటనే ఒప్పుకున్నాను.

ఆయన దవాఖానలో ఫిజియోథెరపీ చేసే ఒక మరాఠీ అమ్మాయి ఉంది. సన్నగా, చురుగ్గా ఉంటుంది. ఎప్పుడూ బూట్లేసుకుని ఎక్కడికో పరుగెత్తబోతున్నట్టు నిలబడుతుంది. మా కాలనీలో షుగరువాళ్ళు ఇంతమంది ఉన్నారని విని, హాలు ఇప్పిస్తే పొద్దున పూట తానే వచ్చి నేర్పిస్తానంది. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి ముందుకూ వెనక్కూ ఊగడం, మెట్టెక్కి దిగడం, నిలబడ్డచోటే మోకాళ్ళు పైకెత్తి కవాతు చేయడం. ఒకటి కాగానే ఇంకొకటి, మధ్యలో కాస్త ఊపిరి పీల్చుకోవడం, అన్నీ అయ్యాక మళ్ళీ మొదటికి రావడం. దాన్నే సర్క్యూట్ అంటారని చెప్పింది. ఖాళీ కడుపుతో రావద్దంది. ఇంటికెళ్ళాక అరికాళ్ళు చూసుకోమంది. కొంగుకు ఇంత చక్కెర పొట్లం కట్టుకోమని, చేతులు వణికినా, ఊరికే చెమటలు పోసినా, మాట తడబడినా వెంటనే నోట్లో వేసుకోమని చెప్పింది. షుగరువాళ్ళను చక్కెర వెంట ఉంచుకోమన్న మొదటి మనిషి ఆమే. అది విని మా ఆయన ఆ అమ్మాయి చదువు మీద అనుమానపడ్డాడు.

హాలు తాళం అధ్యక్షుడి దగ్గర ఉండేది. అధ్యక్షుడంటే మా సొసైటీ అధ్యక్షుడు. మర్ఖేల్ వైపు తెలుగు కుటుంబం. ఏదో శాఖలో పెద్ద నౌకరీ చేసి రిటైరయ్యాడు. ఆయనదీ గోళీల షుగరే. నౌకరీ ఆయన్ను దిగిపొమ్మంది కానీ ఆయన మాత్రం దిగలేదు. ఎవరింటికి వచ్చినా తన కోసం కుర్చీ తుడుస్తారేమోనని ఒక్క క్షణం ఆగి కూర్చుంటాడు. నేను వెళ్ళి తాళం అడిగితే, తాళం ఇవ్వడానికి ముందు మీటింగు కావాలన్నాడు. మీటింగులో ఠరావు జరిగింది. ఠరావంటే మరాఠీలో తీర్మానం. ఆయనకు అన్నం తర్వాత ఇష్టమైనది అదే. ఆ ఠరావు ప్రకారం షుగరోళ్ళ వ్యాయామ మండలి పుట్టింది. దానికి అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కార్యదర్శి, సలహాదారులు పుట్టారు. వ్యాయామం చేసే సభ్యులు ఎవరన్న ప్రశ్న ఎవరికీ తోచలేదు.

మొదటి రోజు ప్రారంభోత్సవం. గుమ్మం మీద బ్యానరు కట్టారు. దాని మీద కార్యవర్గం ఫోటోలు వరసగా ఉన్నాయి. అందరి కంటే పెద్దది ఎవరిదో చెప్పనక్కర్లేదు. నేర్పించే అమ్మాయి పేరు కింద మూలలో, ప్రెస్సువాడి ఫోన్ నంబరు పక్కన చిన్న అక్షరాల్లో ఉంది. శాలువాలు కప్పుకున్నారు, కొబ్బరికాయలు ఇచ్చిపుచ్చుకున్నారు. ఆరోగ్యమే మహాభాగ్యమని ఒక్కొక్కరే లేచి చెప్పారు. ఆ అమ్మాయి బూట్లతో గోడవార నిలబడి గడియారం చూసుకుంటూనే ఉంది. ఉపన్యాసాలు అయ్యేసరికి ఆమె డ్యూటీకి వేళైంది. వెళ్ళిపోయింది. మేము తలా రెండు దూద్‌పేడాలు తిని ఇళ్ళకు వచ్చాం. మండలి మొదటి కార్యక్రమం విజయవంతమైందని మర్నాడు స్థానిక పేపర్లో వచ్చింది.

అసలు వ్యాయామం ఆ తర్వాత మొదలైంది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడమంటే ఏముంది అనుకున్నాను. జీవితమంతా కూర్చోవడమే సాధన చేశామని, లేవడం ఎప్పుడూ కుర్చీ చేతుల పుణ్యమేనని ఆ రోజు తెలిసింది. నాలుగోసారికి తొడలు వణికాయి. నా పక్కనున్నాయన లేవబోతే ప్లాస్టిక్ కుర్చీ ఆయనతో పాటే లేచింది. గోడకు చేతులానించిన మగవాళ్ళను వెనక నుంచి చూస్తే అందరూ కలిసి హాలును పక్క ప్లాటులోకి తోసేస్తున్నట్టుండేది. ఆ అమ్మాయి మాత్రం ఎవరినీ చూసి నవ్వలేదు. "హళూహళూ కాకూ" అంటూ పక్కనే నిలబడేది. మెల్లగా అత్తా, తొందర లేదు అని.

అధ్యక్షుడు రోజూ వచ్చేవాడు. కానీ చేసేవాడు కాదు. స్టేజీ కింద టేకు కుర్చీ వేయించుకుని కూర్చుని మాకు లెక్క పెట్టేవాడు. ఏక్, దోన్, తీన్. ఆయన గొంతులో ఉన్నంత కసరత్తు మా కాళ్ళలో లేదు. మా ఆయన మొదట్లో బాగానే చేశాడు. వారం తిరిగేలోపు మోకాలు పట్టిందని చెప్పి లెక్క పెట్టేవాళ్ళ వైపు మారాడు. మెల్లగా అటువైపు జనం పెరిగారు. ముగ్గురు చేస్తుంటే ఐదుగురు లెక్క పెట్టే పరిస్థితి వచ్చింది. అయిపోగానే మగవాళ్ళంతా గేటు బయట బండి దగ్గర అటుకుల పోహా, దాని మీదకు జిలేబీ తినేవారు. కష్టపడ్డామన్న తృప్తి వాళ్ళ ముఖాల్లో ఉండేది. లెక్క పెట్టినవాళ్ళు ఇంకో ప్లేటు కూడా తీసుకునేవారు.

కొన్నాళ్ళకు ఇంకో ఠరావు వచ్చింది. ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఒకేచోట ఎగరడం బాగుండదని మమ్మల్ని హాలు వెనక, షామియానా బట్టలు పేర్చే మూలకు పంపారు. అక్కడ మెట్టు లేదు. ఇటుకలు పేర్చుకుని ఎక్కి దిగేవాళ్ళం.

అధ్యక్షుడి భార్య మాత్రం ఆ మూలకు కూడా వచ్చేది కాదు. నేను ఆమెను అక్కా అని పిలుస్తాను. ధర్మాబాద్ ఆడపడుచు, నా కంటే నాలుగైదేళ్ళు పెద్ద. మా అందరి కంటే ఎక్కువ షుగరు ఆమెదే. రోజూ సూది పొడుచుకుంటుంది. ఆయన ఆమెను నోరారా పిలవడం నేనెప్పుడూ వినలేదు. దగ్గితే నీళ్ళు, గొంతు సవరిస్తే ఛాయ్. అక్కను కూడా పంపండి అని ఒకరోజు ఆయన్నే అడిగాను.

"ఆమెకు ఇంట్ల పని తక్కువున్నదా? గదే ఎక్సర్‌సైజ్" అన్నాడు.

వాళ్ళింట్లో ఊడ్చి తుడిచేది పనిమనిషి. ఆ లెక్కన షుగరు తగ్గాల్సింది పనిమనిషికి. అక్క చేసేది పొయ్యి ముందు గంటలకొద్దీ నిలబడటం. మా అమ్మా, మా అత్తా, వాళ్ళ తోడికోడళ్ళూ అందరూ ఆ వ్యాయామం జీవితాంతం చేశారు. ఆ చేసినవాళ్ళకే కాళ్ళకు పుండ్లు పడ్డాయి, కళ్ళు మసకబారాయి.

ఆయనతో వాదించి లాభం లేదని నేనే దారి మార్చాను. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ అక్క వంటింట్లోకి వెళ్ళేదాన్ని. పొద్దున నేర్చుకున్నది ఆమెకు చూపించేదాన్ని. వంటగట్టు పట్టుకుని ఊగేది. డైనింగు కుర్చీలోంచి లేచి కూర్చునేది. కుక్కరు కూతలు వేస్తుంటే నిలబడ్డచోటే కవాతు చేసేది. చక్కెర పొట్లం సంగతి చెప్తే ఆ రోజు నుంచే కొంగుకు ముడేసుకుంది. మొదట్లో నాలుగుసార్లకే ఆయాసపడి, ఇది మన వయసోళ్ళ పని కాదేమో చెల్లే అని కూర్చుండిపోయేది. మర్నాడు నేను వెళ్ళేసరికి కుర్చీ తనే జరిపి పెట్టుకుని ఉండేది. అధ్యక్షుడు పక్క గదిలో టీవీ చూస్తూ ఉండేవాడు. తన ఇంట్లో తన ఠరావు లేకుండా ఒక వ్యాయామ మండలి నడుస్తోందని ఆయనకు తెలియదు.

అలా ఉండగా ఒక నాయకుడు మా మండలిని చూడటానికి వస్తానన్నాడు. ఎన్నికలు దగ్గరపడ్డాయి కాబట్టి మా షుగరు మీద ఆయనకు శ్రద్ధ కలిగింది. స్టేజీ మీద వేలికి సూది పొడిచి చక్కెర చూసే మిషను పెట్టించారు. అందరి ముందు మొదట అధ్యక్షుడు తన నంబరు చూపించి, తర్వాత వ్యాయామం చేసి చూపించి, చివర మాట్లాడాలని ఏర్పాటు. నాయకుడు ఆలస్యంగా వస్తున్నాడని కబురు రావడంతో జనం వెళ్ళిపోతారేమోనని వరస తిరగేశారు. ముందు వ్యాయామం, తర్వాత మాట, నాయకుడు వచ్చాక నంబరు.

అధ్యక్షుడు తెల్ల బట్టలు, కొత్త బూట్లతో స్టేజీ ఎక్కాడు. ఇన్నాళ్ళూ మాకు లెక్క పెట్టిన మనిషి కుర్చీలోంచి లేచి కూర్చోవడం మొదలుపెట్టాడు. ఫోటోవాడు ఉన్నాడు కాబట్టి జోరుగా చేశాడు. ఆ అమ్మాయి మెల్లగా అని రెండుసార్లు చెప్పింది. వినలేదు. ఆ తర్వాత మైకు అందుకున్నాడు. చెమటలు కారుతున్నాయి. ఉక్కపోత అనుకున్నాం. మాటలు ముందూ వెనకా అయ్యాయి. సొసైటీ నీళ్ళ ట్యాంకు గురించి మొదలుపెట్టి, గోదావరిపై కట్టిన బాబ్లీ బ్యారేజీ మీదుగా పోయి, మళ్ళీ ట్యాంకు దగ్గరకు వచ్చి, అన్నదే అన్నాడు. మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. ఆయన ఉపన్యాసాలు ఎప్పుడూ అలాగే ఉండేవి. ఒకచోట ఆగితే చప్పట్లు కూడా కొట్టాం.

అక్క నీళ్ళ గ్లాసు ఇవ్వడానికి స్టేజీ ఎక్కింది. ఆయన ఆమె వైపు తిరిగి, మైకులో అందరికీ వినపడేలా, చాలా మర్యాదగా అన్నాడు.

"మేడం, మీరెందుకు తక్లీఫ్ తీసుకున్నరు. కూసోండ్రి."

జనం నవ్వారు. ఏదో సరసం అనుకున్నారు. అక్క మాత్రం తెల్లబోయి నా వైపు చూసింది. నేను లేచి దగ్గరకు వెళ్ళాను.

"ఈయనకేమో అయింది చెల్లే. నన్ను 'మీరు' అన్నడు" అంది.

అంతే, ఇంకేం ఆలోచించలేదు. ఆయన్ను భుజాలు పట్టి కుర్చీలో కూలేసి, కొంగు ముడి పళ్ళతో విప్పి, చక్కెర ఆయన నోట్లో పోసింది. కింద గోల మొదలైంది. షుగరు మనిషికి చక్కెర పోస్తోందని, ఎవరైనా ఆపండని కార్యవర్గం అంతా స్టేజీ మీదికి వచ్చింది. సలహాదారుల్లో ఒకాయన ఆమె చేయి పట్టుకోబోయాడు. ఫిజియోథెరపీ అమ్మాయి ఒక్క దూకులో మధ్యకు వచ్చి నిలబడింది. ఆమె బూట్లకు ఆ రోజే సరైన పని దొరికింది. ఆయనకు మింగే తెలివి ఉందో లేదో చూసి, ఇంకాస్త చక్కెర నీళ్ళలో కలిపి తాగించింది. మిషను ఎటూ పక్కనే ఉంది కదా, వేలికి పొడిచి చూస్తే నంబరు బాగా కిందకు పోయి ఉంది. అంత తక్కువ నంబరు మా కాలనీలో అప్పటిదాకా ఎవరూ చూసి ఉండరు. కాసేపటికి ఆయన కళ్ళు నిలకడకు వచ్చాయి. చుట్టూ చూసి, అక్కను చూసి, "ఏంది?" అన్నాడు. ఆమె ఊపిరి పీల్చుకుంది. మొగుడు మళ్ళీ మామూలు మనిషి అయ్యాడని ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది.

అన్నం కొంచెం తినిపించి దవాఖానకు తీసుకెళ్ళారు. గోళీల ప్రభావం షుగరును మళ్ళీ కిందకు లాగవచ్చని రాత్రి దాకా అక్కడే ఉంచారు. నాయకుడు వచ్చేసరికి స్టేజీ ఖాళీగా ఉంది. ఆయన బ్యానరు ముందు ఫోటో దిగి వెళ్ళిపోయాడు.

మూడో రోజు మీటింగు పెట్టారు. వ్యాయామం ప్రమాదకరమని తేలింది కాబట్టి మండలి కార్యక్రమాలు బంద్ చేయాలని ఠరావు. ప్రతిపాదించింది అధ్యక్షుడే. బలపరచడానికి ఎవరు లేస్తారా అని చూస్తే మా ఆయన లేచాడు. పట్టిన మోకాలితో ఆయన అంత చురుగ్గా లేవడం నేను చూసి చాలా రోజులైంది. అందరూ చేతులెత్తబోతుండగా వెనక వరసలోంచి అక్క నిలబడింది. ఆమె మీటింగులకు రాదు, వచ్చినా మాట్లాడదు. గొంతు పెద్దగా కూడా లేదు.

"ఎక్సర్‌సైజ్ తోని ఏం కాలే. మిషన్ల నంబరు మంచిగ రావాల్నని పొద్దుగాల ఏం తినకుంట రెండు గోళీలు ఏసుకున్నడు. నేను వద్దన్న, ఇనలే. అందుకే గట్ల అయింది. ఎక్సర్‌సైజ్ ఈయన ఎన్నడు చేసిండు?"

నంబరు కోసం కడుపు మాడ్చుకోవడం ఆయన ఒక్కడి విద్య కాదు. సగం మంది తలలు దించుకున్నారు. మా ఆయన బలపరిచినవాడు బలపరిచినట్టే మెల్లగా కూర్చున్నాడు. అధ్యక్షుడు గొంతు సవరించుకుని, విషయం వచ్చే మీటింగుకు వాయిదా వేస్తున్నానన్నాడు. వచ్చే మీటింగు ఇప్పటిదాకా రాలేదు. హాలుకు మరమ్మతు అని చెప్పి తాళం వేశారు. ఏం మరమ్మతో తెలియదు.

తాళం పడ్డ మర్నాడు పొద్దున అక్క మా గేటు దగ్గరకు వచ్చి కుర్చీ తీసుకుని రమ్మంది. వాళ్ళ ఇంటి ముందు కారు నిలిపే చోటు ఖాళీగా ఉంది. కారు వీధిలో ఉంది. ఆయనతోనే బయట పెట్టించిందట. ఎలా పెట్టించావని అడిగితే, పెట్టమన్నాను, పెట్టాడు అంది. ఆడవాళ్ళం తలా ఒక కుర్చీ మోసుకుని వెళ్ళాం. గోడ ఉంది. ఎక్కి దిగడానికి వాకిట్లో సిమెంటు మెట్టు ఉంది. ఇటుకల బాధ తప్పింది. చీర బొడ్లో దోపుకున్నవాళ్ళు, నైటీ మీద చున్నీ వేసుకున్నవాళ్ళు, కోడలి పాత ట్రాక్ ప్యాంటులో సిగ్గుపడుతున్నవాళ్ళు. ఆ అమ్మాయి వచ్చి ఎప్పటిలాగే నేర్పింది. లెక్క పెట్టేవాళ్ళు లేకపోయేసరికి మొదట్లో కొంచెం బోసిగా అనిపించింది. తర్వాత మేమే లెక్కపెట్టుకున్నాం, తప్పులతో సహా.

అధ్యక్షుడు లోపల కిటికీ పక్కన పేపరు చదువుకునేవాడు. పేపరు తిరగేయడం మాత్రం మాకు వినిపించేది కాదు. కొన్నాళ్ళకు ఆయన వేరే కాలనీలకు వెళ్ళి, షుగరు పడిపోతే తీసుకోవాల్సిన జాగ్రత్తల మీద మాట్లాడటం మొదలుపెట్టాడు. శాలువాలు మళ్ళీ వచ్చాయి. ఆయన చెప్పే కథలో, లక్షణాలు తానే గుర్తుపట్టి, తానే చక్కెర అడిగి తీసుకున్నాడు. అక్క ఒకసారి ఆ సభకు వెళ్ళి ముందు వరసలో కూర్చుని మొత్తం వింది. ఎలా ఉందని అడిగితే, బాగా చెప్తడు అంది.

నా షుగరు తగ్గింది. మామిడిపళ్ళ రోజుల్లో మళ్ళీ పెరిగింది. నాలుగు నెలల తర్వాత తగ్గింది. అద్భుతాలేమీ జరగలేదు. ఆఫీసులో మూడో అంతస్తు ఎక్కితే మధ్యలో నోటీసు బోర్డు చదువుతున్నట్టు నటించాల్సిన అవసరం మాత్రం పోయింది. మా ఆయన అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని డాక్టర్ దగ్గరకు వెళ్ళాడు. ఏం చెప్పించుకుని వచ్చాడో నాకు చెప్పలేదు. నేను అక్క వాళ్ళింటికి వెళ్ళే వేళకు పడకగది తలుపు వేసుకుంటున్నాడు. ఒకరోజు చున్నీ మర్చిపోయి వెనక్కి వస్తే లోపల కుర్చీ కిర్రుకిర్రుమంటూ ఉంది. తలుపు కొట్టలేదు. చున్నీ లేకుండానే వెళ్ళాను.

అక్కకు డాక్టర్ సూది మందు కొంచెం తగ్గించాడు. ఈ వేసవిలో ఇస్లాపూర్‌లో వాళ్ళ అన్న కూతురి పెళ్ళికి నన్నూ తీసుకెళ్ళింది. అక్కడ ఇంకా నేల మీద బంతి భోజనాలే. ఇదివరకైతే అక్క కోసం పక్కన స్టూలు వేసేవారట. స్టూలు వద్దని నా పక్కన నేల మీదే కూర్చుంది. ఆమెకు అటుపక్క అధ్యక్షుడు. ఆయనకు కింద కూర్చోవడం పరువు తక్కువ, కానీ బావమరుదులందరూ కూర్చున్నాక తప్పలేదు. భోజనాలయ్యాక అలవాటు కొద్దీ ఇద్దరు మరదళ్ళు అక్కను లేపడానికి చేతులు చాచారు.

"జర ఉండుండ్రి" అంది అక్క. ఒక మోకాలు ముందుకు పెట్టి, అరచేయి తొడ మీద ఆనించి, ఒక్క ఊపులో లేచి నిలబడింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ఎంగిలి చేయి కదా, ఊరుకున్నాను.

అధ్యక్షుడు కింద నుంచి ఆమె వైపు చేయి చాచాడు. పిలవలేదు, చూడలేదు, ఊరికే చేయి పైకి పెట్టాడు. అక్క ఆ చేయిని కాసేపు చూసింది. ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని లాగింది. ఆయన రెండు ఊపుల్లో లేచి, ధోతి సర్దుకుని, ఊపిరి కుదుటపడేదాకా ఆగి, పక్కనున్న బావమరిదికి మోకాళ్ళు గట్టిపడాలంటే రోజూ ఏం చేయాలో చెప్పడం మొదలుపెట్టాడు. మేమిద్దరం చేతులు కడుక్కోవడానికి వెళ్ళాం.